తీస్కో అంటే తీసుకోని మనిషి

మా దుకాణంలో బెల్లం బుట్ట గల్లాపెట్టెకు ఎదురుగా ఉండేది. ఆయన రోజూ వచ్చి, బీడీ కట్టకు చిల్లర బల్ల మీద పెట్టి, పోతూ పోతూ బుట్టలో చెయ్యి పెట్టి చిన్న ముక్క విరుచుకునేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటే ఆ ముక్క నోట్లోకి పోయేది. ఎప్పుడైనా మంచితనం పొంగి "తీస్కో మామా" అన్నానో, విరిచిన ముక్కను మళ్లీ బుట్టలోనే పెట్టేసి చేతులు దులుపుకునేవాడు.

"ఏందే, తీస్కొమ్మన్న గదా?"

"నువ్వు తీస్కొమ్మంటే అది నీ బెల్లం సేటు. నేను తీసుకుంటే నా బెల్లం."

నేను పుట్టిందీ పెరిగిందీ బస్తాల మధ్య. నాన్న, బాబాయి, మేనమామ అందరూ దుకాణాలవాళ్లే. ఏ వస్తువు ఏ క్షణంలో ఎవరిదవుతుందో మాకు అక్షరాలకంటే ముందు నేర్పుతారు. అయినా ఈ సూత్రం మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆయన పోయి నెల కావస్తోంది. మొన్న ఆ బుట్టను లోపలి గదిలోకి మార్పించాను. ఈగలు ఎక్కువయ్యాయని మా ఆవిడతో చెప్పాను.

ఖమ్మం మిర్చి యార్డులో ఆయన ఇరవై ఏళ్లకు పైగా హమాలీ. నడుం పోయాక భార్యతో ఊరికొచ్చి, మా దుకాణం వెనక, ఒక ఖాళీ జాగా అవతల ఉన్న తన రేకుల ఇంట్లో చేరాడు. మిర్చి ఘాటుకు కళ్లు శాశ్వతంగా ఎర్రబడిపోయాయి. కొత్తవాళ్లు తాగి ఉన్నాడనుకునేవారు. మనిషి ముందుకు వంగి నడిచేవాడు, వీపు మీద ఇంకా ఒక బస్తా ఉన్నట్టు.

మా ఊరు ఖమ్మం రోడ్డు అడవిని తగిలే చోట ఉంటుంది. వాగు దాటితే ఏజెన్సీ. అక్కడ భూమి చట్టమే వేరు, మాలాంటివాళ్లం గజం జాగా కొనలేం. అందుకే ఇవతలి ఒడ్డున ప్రతి గజం మీదా నలుగురి కళ్లుంటాయి. నా దుకాణానికీ ఆయన ఇంటికీ మధ్యనున్న ఆ జాగాను కొత్తగూడెం వైపు బొగ్గుగనిలో పనిచేసే ఒకాయన ఎప్పుడో కొని, హద్దురాళ్లు పాతించి, గోదావరి అవతలి గనికి బదిలీ అయి మరిచిపోయాడు. సర్కారు తుమ్మ మొలిచింది. ఊరి చెత్తంతా అక్కడే. మా కుళ్లిన ఉల్లిగడ్డలు కూడా అక్కడే, దాచడమెందుకు.

మామ ఆ జాగాలో దిగాడు. తుమ్మలు కొట్టాడు, గాజుపెంకులు ఏరాడు, చుట్టూ ముళ్లకంచె వేశాడు. సొరపాదు పెట్టాడు, మునగ నాటాడు, ఒక మూలన మేకలకు పాక వేశాడు. అన్నీ అయ్యాక నా దుకాణం ముందు నిలబడి మూడు వేళ్లు చూపించాడు.

"పన్నెండేండ్లు. అందరు సూడంగ. అడగకుండ. ఈ మూడు కుదిరితే జాగ నాదే. కోర్టే రాసిస్తది."

"ఎవరు చెప్పిన్రు మామా?"

"వకీలు సారు. యార్డుల ఆయన మిర్చి బస్తాలు మోసింది నేనే. కోర్టు ముచ్చట్లన్నీ ఆ బస్తాల మీద కూసోనే చెప్పేటోడు." మూడో వేలు మాత్రం మడవకుండా నా ముఖం ముందు ఆడించాడు. "గిది ముఖ్యం. అడిగినవో, అయిపాయె. అడిగినోడు ఎన్నేండ్లున్నా కిరాయికున్నోడే."

ఆ మూడో వేలు జాగాతో ఆగలేదు. మెల్లగా మనిషంతా అదే అయిపోయాడు. బస్సెక్కితే 'కొంచెం జరుగు' అనేవాడు కాదు, సందు చూసుకుని కూర్చునేవాడు. పెళ్లిలో ఎవరూ పిలవకముందే బంతిలో కూర్చునేవాడు. దవాఖానాలో డాక్టరమ్మ ముందు నోరు తెరిచి నాలుక చాపేవాడే గానీ మందు ఇయ్యమనేవాడు కాదు. ఊళ్లో పొగరనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. తర్వాతెప్పుడో ఆయన భార్య చెప్పింది. యార్డులో కూలీ కోసం అడగాలి, తువ్వాల కోసం అడగాలి, దొడ్డికి పోవాలన్నా గుమాస్తాను అడిగి పోవాలి. "ఆడ్నే అడిగి అడిగి ఈయన అడుగుడంతా అయిపోయింది సేటయ్యా" అని నవ్వింది.

ఆమె దీనికి పూర్తిగా వ్యతిరేకం. డబ్బు ముందే ఇచ్చిన ఉప్పు పాకెట్ కూడా "ఇస్తవా సేటయ్యా?" అని అడిగి తీసుకునేది. మొగుణ్ణి ఆట పట్టించడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

"నన్ను గూడ అడగకుండనే చేసుకుండు. మా నాయన్ని అడిగిండు గని నన్ను అడగలే. అందరు సూడంగనే తీస్కచ్చిండు. పన్నెండేండ్లు ఎప్పుడో దాటినయ్. ఇగ నేను ఈయన సొత్తే, ఏ కోర్టూ ఇడిపియ్యది."

ఏటా ఉగాది తర్వాత వాళ్లిద్దరూ ఆ జాగాలో ఫోటో దిగేవారు. మొదట్లో మండలం నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చేవాడు, తర్వాత నా ఫోనే దిక్కు. ఫోటో తియ్యమని కూడా ఆయన అడిగేవాడు కాదు. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని, కంచె దగ్గర నిటారుగా నిలబడేవాడు. నేను చూసి ఫోను తీసుకుని పోవాలి. ఆయన ముఖం ఓటరు కార్డులో ఉన్నట్టు బిగుసుకుని ఉంటుంది. ఆమె ఆ ఏటి సొరకాయల్లో పెద్దదాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని నవ్వుతుంటుంది. ఆ ఫోటోలూ, పాక పేర కట్టిన ఇంటిపన్ను రసీదులూ ఒక ఇనప్పెట్టెలో వరసగా పేర్చేవాడు.

తొమ్మిదో ఏట ఒక పొద్దున ఓనరు దిగాడు. రిటైరయ్యాడట. సన్నటి మనిషి, బొగ్గు దుమ్ముకు గొంతు బొంగురుపోయింది. చేతిలో స్వీటు డబ్బా. కంచె బయట చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చి సొరపందిరి కింద నిలబడి మురిసిపోయాడు.

"ఎంత మంచిగ చేసిన్రు! నేనుంటే గూడ గిట్ల కాకపోను. మీరే చూసుకోండ్రి పెద్దాయనా. నాకేం అభ్యంతరం లేదు."

మామ పామును తొక్కినట్టు ఎగిరాడు. పాకకు ఆనించిన కర్ర అందుకున్నాడు.

"నీ అభ్యంతరం ఎవడడిగిండయ్యా? ఎల్లు బయటికి! సేటూ, నేను ఈయన్ని ఎల్లగొడుతున్న. సూస్తున్నవా?"

"చూస్తున్న మామా."

"గట్టిగ చెప్పు, నలుగురికి ఇనపడాలె!"

"చూస్తున్నా!" అని అరిచాను. ఉచితంగా దొరికే వినోదాన్ని నేనెప్పుడూ వదులుకోలేదు.

ఓనరు బిత్తరపోయి, "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అన్నాడు.

"మాట్లాడవయ్యా! తిట్టవయ్యా! నీ జాగల దొంగ జొరబడితే గిట్లనా ఉండేది? రోషం లేదా నీకు?"

ఆయనకు నిజంగానే రోషం లేదు. అదే మామ దురదృష్టం. ఇంతలో అత్త సొరకాయ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అన్నా, గంత దూరం నుంచి వచ్చి ఉట్టిచేతుల్తో పోతవా?" మామ ఆ కాయను మధ్యలోనే లాక్కున్నాడు.

"కౌలు కింద రాసుకుంటరే పిచ్చిదానా!"

ఓనరు నా దుకాణంలో కూర్చుని, నీళ్లు తాగి, దగ్గి, చివరికి నవ్వాడు. "మంచిగున్నడు మీ పెద్దాయన" అన్నాడు. పోయేముందు ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను. ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా నంబరు తీసుకోవడం మా వాళ్ల అలవాటు. నా దుకాణం వెనక్కి పెరగడానికి ఆ జాగా ఒక్కటే దారన్నది కూడా, అప్పటికింకా పైకి అనుకోలేదు గానీ, తెలుసు.

పన్నెండేళ్లు నిండటానికి నాలుగు నెలలుందనగా అత్తకు కామెర్లు ముదిరాయి. ఖమ్మం పెద్ద దవాఖానాలో వారం ఉంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అశ్వారావుపేటలో పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూతురు వచ్చింది. మునగచెట్టు కింద మంచం వేయించుకుని, పోయేముందు అత్త రెండే మాటలు చెప్పింది. "నన్ను ఈడ్నే పెట్టు. దొంగతనంగ పెట్టకు, అడిగి పెట్టు."

వాళ్లలో పూడ్చే ఆచారం. గుంటకు మొదటి పోటు వాళ్ల కులపెద్ద వేయాలి. గడ్డపార నేలకు ఆనించి ఆయన మూడుసార్లు అడుగుతాడు, "ఈ మట్టి ఎవరిది?" అని. దగ్గరివాళ్లు నిజం చెప్పాలి. అబద్ధమాడితే ఆ మట్టి మనిషిని కలుపుకోదని వాళ్ల నమ్మకం. ఊరి ఉమ్మడి జాగాలో అయితే "ఊరిది" అంటే సరిపోతుంది. వాగొడ్డున పెడదామని నలుగురూ అన్నారు. మామ వినలేదు, మునగచెట్టు పక్కనే చూపించాడు.

పొద్దెక్కింది. శవం పాడె మీద ఉంది. కులపెద్ద గడ్డపార ఆనించాడు.

"ఈ మట్టి ఎవరిది?"

మామ నోరు తెరిచాడు. దాదాపు పన్నెండేళ్లుగా ఊరంతా వినేట్టు చెప్పిన మాటే. రాలేదు.

"ఈ మట్టి ఎవరిదిరా?"

"నా..." అన్నాడు. పాడె వైపు చూశాడు. కూతురు ఏడుపాపి తండ్రినే చూస్తోంది.

మూడోసారి అడగకముందే ఆయన కంచె దాటి నా దగ్గరికొచ్చాడు. ఎర్రటి కళ్లలో నీళ్లు లేవు. "సేటు, ఆయన నంబరు నీ తాన ఉన్నది గదా."

కలిపి, స్పీకరు పెట్టి ఇచ్చాను. కులపెద్ద వినాలి గదా. మామ ఫోనును రెండు చేతుల్లో పట్టుకున్నాడు, దోసిలిలో నీళ్లు పట్టినట్టు.

"సారూ... దండం. నేను, మీ జాగల ఉన్నోన్ని. మా ఇంటామె పోయింది సారూ. మీ జాగల పెట్టుకుంట. కొంచెం జాగ ఇయ్యండ్రి. మీ కాళ్లు మొక్కుత."

అవతల ఓనరు దగ్గు వినబడింది. తర్వాత ఆ బొంగురు గొంతు, "అయ్యో, సొరకాయ తెచ్చిన ఆమెనా? పెట్టుకోండ్రి పెద్దాయనా. నన్నడగాల్నా?" అంది.

గడ్డపార దిగింది.

నా ఫోనులో ప్రతి మాటా దానంతటదే రికార్డవుతుంది. సరుకు పంపేవాళ్లు నోటిమాటగా ఒక ధర చెప్పి, బిల్లులో ఇంకోటి వేస్తారని నేనే అట్లా పెట్టించుకున్నాను. ఆ సంగతి ఆ రోజు నాకు గుర్తులేదు. ఈ మాట నమ్మాలి. ఎప్పుడు గుర్తొచ్చిందో మాత్రం గుర్తుంది. పదో రోజు భోజనాలకు పోయి, విస్తరి ముందు కూర్చుని, కిటికీలోంచి ఆ జాగా వైపు చూసినప్పుడు.

ఓనరుకు నేనే ఫోన్ చేశాను. మెత్తగా మొదలుపెట్టాను. పన్నెండేళ్ల చట్టం ఆయనకు తెలియదు, నేను చెప్పాను. నాకు మామ నేర్పిన పాఠమే, మూడు వేళ్లతో సహా. "ఇంకో మూడు నాలుగు నెలలైతే మీ జాగా మీది కాదు సారూ" అన్నాను. ఆయన భయపడ్డాక, "పైగా ఇప్పుడందులో సమాధి. ఎవరు కొంటరు?" అన్నాను. మళ్లీ కొంచెం ఆగి, "పక్కనోణ్ని కాబట్టి నేను తీసుకుంట, మీకెందుకు తలనొప్పి" అన్నాను. సమాధి పేరు చెప్పి ధర తగ్గించాను, కేసు పేరు చెప్పి ఇంకా తగ్గించాను. ఆ కేసును ఒక్క దెబ్బతో గెలిపించేది నా జేబులోనే ఉందని చెప్పలేదు. జీవితంలో నేను చేసిన బేరాల్లో అది అన్నింటికంటే మంచి బేరం. మా నాన్న ఉంటే భుజం తట్టేవాడు. ఆ ఊహకే ఆ రాత్రి అన్నం సయించలేదు, మర్నాడు మామూలే.

పన్నెండేళ్లు నిండిన వారంలో మామ ఇనప్పెట్టె నెత్తిన పెట్టుకుని ఖమ్మం బస్సెక్కాడు. వకీలు నోటీసు పంపాడు. ఓనరు గాబరాగా ఫోన్ చేస్తే, ధర మాట ఖాయం చేసుకున్నాకే రికార్డింగ్ సంగతి చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని వకీలు ఆఫీసుకు పోయాను. మామ బెంచీ చివర కూర్చుని ఉన్నాడు, ఒళ్లో పెట్టె. నన్ను చూసి ముఖం వెలిగింది. సాక్ష్యం చెప్పడానికి వచ్చాననుకున్నాడు.

"సేటే సాక్షి సారూ! నేను ఈయన్ని ఎల్లగొట్టినప్పుడు కండ్లార సూసిండు. చెప్పు సేటు!"

నేను ఫోను బల్ల మీద పెట్టి వినిపించాను.

వకీలు చివరిదాకా విన్నాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరడగమన్నరయ్యా నిన్ను? అంత చెప్తి గదా!"

మామ నా వైపు తిరిగాడు. "నువ్వు రికార్డు చేసినవా?"

"నేను చేయలే మామా. ఫోనే చేసుకుంటది."

"ఫోనా" అన్నాడు. అంతే. తిడతాడని ఎదురుచూశాను, ఒక మాట తిడితే బాగుండేది. ఆయన ముందుకు వంగి, "ఇంకోపాలి పెట్టు" అన్నాడు. పెట్టాను. దండం సారూ అన్న దగ్గర్నుంచి కాళ్లు మొక్కుత అన్న దాకా తల వంచుకుని విన్నాడు.

"నా గొంతు గట్ల ఉంటదా" అన్నాడు, తనలో తనే.

ఓనరు కళ్లు తుడుచుకుంటూ, "పెద్దాయన అక్కడ్నే ఉంటడు, నువ్వేం అనకు" అని నా చేత మాట తీసుకున్నాడు. నేను నోరారా మాటిచ్చాను. కానీ మామ ఆ వారంలోనే పాక విప్పేశాడు, మేకలు అమ్మేశాడు, తన కంచెను తనే పీకి పొయ్యిలోకి కొట్టుకున్నాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక నేను ఇనప తీగెల కంచె, గేటు పెట్టించాను. గోడౌను కట్టాను. సమాధి చుట్టూ నాలుగడుగులు వదిలాను. ఆ నాలుగడుగుల గురించి కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను.

గేటు పెట్టిన రోజు ఆయన ఇంటికి పోయి చెప్పాను.

"మామా, అత్తకు దీపం పెట్టాలన్నా, నీళ్లు చల్లాలన్నా ఎప్పుడైనా రా. గేటుకు తాళం వెయ్య. నీ జాగ అనుకో."

ఆయన బీడీ ఆర్పి నన్ను చూశాడు. ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక గానీ నాకు తెలిసిరాలేదు. రమ్మన్నాను. ఇక రాడు.

రాలేదు. మూడేళ్లు. పండగలకూ, ఆమె పోయిన దినానికీ తన ఇంటివైపు తీగెల దగ్గర నిలబడేవాడు. చెయ్యి చాపితే అందేంత దూరం. ప్రమిద తన వైపు నేల మీదే పెట్టేవాడు. బీడీలకు రావడం మానేసి, వాగు దగ్గరి దుకాణందాకా ఆ వంగిన నడుంతో నడిచిపోయేవాడు. ఒకసారి ఎదురుపడితే "బాగున్నవా మామా" అన్నాను. "అవ్" అన్నాడు. మా మధ్య ఆఖరి మాట అదే.

పోయిన నెల ఒక పొద్దున డప్పు వినబడింది. కూతురు ముందు రోజే వచ్చిందట. నేను తలస్నానం చేసి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిపించి, సమాధి పక్క జాగా ఊడిపించి, దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అడగడానికి వస్తారు. ఏమనాలో కూడా అనుకున్నాను. "గదేం మాట, అడగాల్నా?" అందామనుకున్నాను. అప్పుడు ఓనరన్నట్టే. గడ్డపార పట్టుకున్న అదే కులపెద్ద ముందు నడిచాడు. పాడె గేటు ముందుకొచ్చింది, ఆగలేదు, వాగు వైపు తిరిగింది. నేను కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాను.

నాలుగో రోజు కూతురు వచ్చింది. వెంట నలుగురు మగవాళ్లు, గడ్డపారలు, ఒక కొత్త తెల్లగుడ్డ.

"సేటు, అడగడానికి రాలే. చెప్పడానికొచ్చిన. మా అమ్మను వాగొడ్డుకు తీస్కపోతున్నం."

"ఎందుకమ్మా, ఈడ్నే ఉండనియ్యి, నేనేమన్న అన్నానా?"

"నువ్వనలే. మా నాయన చెప్పి పోయిండు."

ఎండ ఎక్కకముందే తవ్వారు. దొరికిందంతా ఆమె తన చేతులతోనే ఏరి గుడ్డలో కట్టుకుంది. గుంటను పూడ్చి, తవ్విన గుర్తు కనబడకుండా కాళ్లతో తొక్కి చదును చేశారు. నేను దుకాణం వెనక మెట్టు మీద నిలబడి చూశాను. ఆమె ఆ మూట చంకనెత్తుకుని గేటు దాటుతుంటే నాకు ఏడుపు రావాలి. నేను దానికోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆమె రోడ్డెక్కకముందే నా తలలో ఒక మాట తిరిగింది. ఇక ఆ జాగాలో సమాధి లేదు, ధర పెరిగింది.